0.02 గ్రెయిన్ తూకం వెయ్యి గజాల దగ్గర నిజంగా కనిపిస్తుందా?

లాంగ్ రేంజ్ రైఫిల్ షూటింగ్‌లో దిగి, తూటాలు సొంతంగా ఇంట్లోనే లోడ్ చేసుకోవడం దాకా వచ్చిన ప్రతివాళ్లకీ ఏదో ఒక రోజు ఇదే ప్రశ్న వస్తుంది. తూటాలో పోసే తుపాకీ మందుని, అంటే పౌడర్‌ని, తూచే తన స్కేలు 0.1 గ్రెయిన్ దాకా చూపిస్తుంది. రేంజ్‌లో పక్క బెంచీ మీదున్నాయన 0.02 దాకా చూపించే ల్యాబ్ బ్యాలెన్స్ వాడుతున్నాడు, దానికీ దాని తగిలింపులకీ కలిపి వెయ్యి డాలర్ల చుట్టుపక్కల అయిందంటాడు, పైగా ఆయన స్కోరు కూడా బాగుంది. మరి మనమూ కొనాలా? సమాధానం అవునూ కాదూ కాదు, లెక్క. ఆ లెక్క వేసుకోకుండానే చాలామంది కొనేస్తారు, ఇంకొంతమంది లెక్క వేసుకోకుండానే అదంతా దండగ అని కొట్టిపారేస్తారు.

ముందు ఒక మాట చెప్పి అసలు సంగతిలోకి వెళ్తాను, ఎందుకంటే ఇది చదివే తెలుగువాళ్లలో సగం మందికి అవసరం. ఇది ప్రధానంగా అమెరికా, కెనడా లాంటి చోట్ల నడిచే హాబీ. అమెరికాలో సొంత వాడకానికి తూటాలు లోడ్ చేసుకోవడానికి ఫెడరల్ లైసెన్స్ అక్కర్లేదు, అమ్మే వ్యాపారం చేస్తేనే కావాలి. కానీ హెచ్-1బీ లాంటి నాన్‌ఇమ్మిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోవడం అక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. వేట లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులున్నాయి, అవి మీకు వర్తిస్తాయో లేదో లాయర్ని అడగండి, ఆఫీసులో ఫ్రెండుని కాదు. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకు ఈ నిషేధం లేదు. ఇక మన దేశంలో 1959 ఆయుధాల చట్టం సెక్షన్ 5 కింద లైసెన్స్ లేకుండా తూటాలు తయారుచేయడమే కుదరదు, కాబట్టి హైదరాబాద్‌లోనో విశాఖలోనో ఉండి ఇది చదివేవాళ్లకు ఇది కేవలం తెలుసుకోవడానికే. మన షూటర్లకు దీని అవసరం కూడా అంతగా పడదు. గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో అసలు తుపాకీ మందే ఉండదు, .22 రిమ్‌ఫైర్ తూటాలు ఎలాగూ ఫ్యాక్టరీవే.

గ్రెయిన్ అంటే ఎంతో ముందు చేతికి తెలియాలి. ఒక పౌండుకి 7000 గ్రెయిన్లు, ఒక గ్రాముకి 15.43. మన కంసాలి గురివింద గింజ ఎత్తు సుమారు 120 మిల్లీగ్రాములనుకుంటే గ్రెయిన్ దాంట్లో సగం కంటే కాస్త ఎక్కువ, దాదాపు 65 మిల్లీగ్రాములు. అందులో పదో వంతు అంటే 0.1 గ్రెయిన్, ఆరున్నర మిల్లీగ్రాములు. 0.02 గ్రెయిన్ అంటే 1.3 మిల్లీగ్రాములు. రైఫిల్‌కి వాడే పుల్లల్లాంటి ఎక్స్‌ట్రూడెడ్ పౌడర్‌లో, అంటే వార్‌గెట్, హెచ్4350 లాంటివాటిలో, ఒక్క పలుకు బరువే సుమారు అంత ఉంటుంది. అంటే 0.02 దాకా తూచడమంటే పలుకులు లెక్కపెట్టడమే. ఇంతకంటే కిందికి వెళ్లాలంటే పలుకుని కోయాలి, ఆ పిచ్చి ఉన్నవాళ్లు కూడా ఉన్నారు, అది వేరే సంగతి.

ఉదాహరణకి 6.5 క్రీడ్‌మూర్ తీసుకుందాం, 2007లో హార్నడీ కంపెనీ తెచ్చిన తూటా, ఇప్పుడు లాంగ్ రేంజ్‌లో ఎక్కడ చూసినా అదే. అందులో పట్టే పౌడర్ నలభై గ్రెయిన్ల చుట్టుపక్కల, 140 గ్రెయిన్ల బులెట్ (తూటా చివర ఉండి, ఎగిరి వెళ్లి టార్గెట్‌కి తగిలే భాగం) బారెల్ వదిలేటప్పటి వేగం సెకనుకు సుమారు 2700 అడుగులు. (ఇవి లెక్క కోసం చెప్పే గుండ్రటి అంకెలు, లోడింగ్‌కి కాదు. లోడింగ్‌కి ఎప్పుడూ పౌడర్ కంపెనీ ప్రచురించిన డేటానే చూడాలి, అందులో చెప్పిన తక్కువ మోతాదుతో మొదలుపెట్టాలి.) ఈ సైజు తూటాలో ఒక గ్రెయిన్ పౌడర్ మారితే వేగం యాభై అడుగులకు కాస్త అటూ ఇటూగా మారుతుంది. అంటే 0.1 గ్రెయిన్‌కి సుమారు 5 అడుగులు, 0.02కి ఒక్క అడుగు.

ఇప్పుడు దూరం. వంద గజాల దగ్గర వేగంలో 10 అడుగుల తేడా వస్తే బులెట్ తగిలే ఎత్తులో తేడా 0.02 అంగుళం, అంటే అర మిల్లీమీటరు, కంటికి ఆనదు. అదే 10 అడుగుల తేడా వెయ్యి గజాల దగ్గర సుమారు రెండున్నర అంగుళాలవుతుంది. బులెట్ గాల్లో ఉండే సమయం అంత పెరిగింది, ఆ సమయమంతా కిందికి పడుతూనే ఉంటుంది, అందుకని చిన్న తేడా దూరంతో పాటు సమానంగా కాక ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఈ ఒక్క విషయం అర్థమైతే షూటర్లలో రెండు వర్గాల వాళ్లు ఎందుకు ఒకరి మాట ఒకరు నమ్మరో అర్థమవుతుంది. వంద, రెండు వందల గజాల బెంచ్‌రెస్ట్ (రైఫిల్‌ని బల్ల మీద ఆనించి కొట్టే) పోటీల్లో ప్రపంచంలోకెల్లా చిన్న గ్రూపులు కొట్టేవాళ్లు, అంటే షాట్లన్నీ దాదాపు ఒకేచోట వేసేవాళ్లు, ఏళ్ల తరబడి పౌడర్ తూచనే తూచలేదు. రేంజ్‌లోనే కూర్చుని, కల్వర్ పద్ధతి పౌడర్ మెజర్ పిడి తిప్పి, ఇన్ని క్లిక్కులు అని పరిమాణంతో కొలిచి పోసుకునేవాళ్లు, 0.1 గ్రెయిన్ అటూ ఇటూ అయితే పట్టించుకునేవాళ్లు కాదు. వాళ్ల దూరానికి అది సరిపోతుంది. వాళ్లను చూపించి వెయ్యి గజాల షూటర్‌తో తూకం అవసరమే లేదనడం తప్పు, వెయ్యి గజాల షూటర్‌ని చూపించి రెండు వందల గజాల దాకా వేటకి వెళ్లేవాడితో ల్యాబ్ బ్యాలెన్స్ కొనిపించడం ఇంకా తప్పు.

అమెరికాలో ఎఫ్-క్లాస్ అనే లాంగ్ రేంజ్ పోటీల టార్గెట్ వెయ్యి గజాల దగ్గర ఎలా ఉంటుందో చూస్తే ఈ అంగుళాలకి అర్థం వస్తుంది. పది పాయింట్ల రింగు వ్యాసం 10 అంగుళాలు, దాని లోపల ఎక్స్ రింగు 5 అంగుళాలు. 0.1 గ్రెయిన్ తేడా అక్కడ అంగుళం పావు. 0.02 గ్రెయిన్ తేడా పావు అంగుళం. అదే గాలి వేగాన్ని గంటకు ఒక్క మైలు తప్పుగా అంచనా వేస్తే ఇదే బులెట్ పక్కకి 6 అంగుళాల పైనే పోతుంది. ఇది విన్న వెంటనే "అయితే గాలి చదవడం నేర్చుకో, తూకం వదిలెయ్" అనే సలహా వస్తుంది. సగమే నిజం. గాలి తప్పు అడ్డంగా వెళ్తుంది, వేగం తప్పు నిలువుగా వెళ్తుంది, ఒకటి సరిచేస్తే రెండోది తగ్గదు. పైగా గాలి తప్పు రేంజ్‌లో నిలబడి ఆ క్షణంలో చేసేది, పౌడర్ తప్పు ఇంట్లో తీరిగ్గా కూర్చుని చేసేది. తీరిగ్గా ఉన్నప్పుడే తగ్గించుకోగలిగిన తప్పుని వదిలేయడం ఎందుకు?

అయితే ఎంత తగ్గిస్తే ఎంత లాభం అన్నదే అసలు చిక్కుముడి, అక్కడే అందరి లెక్కా తప్పుతుంది.

ఒక షాట్‌కీ ఇంకో షాట్‌కీ వేగం మారడానికి పౌడర్ బరువు ఒక్కటే కారణం కాదు. ప్రైమర్ (పౌడర్‌ని అంటించే చిన్న మూత) ఒక్కోటి ఒక్కోలా మండుతుంది, కేసు (పౌడర్ పట్టే ఇత్తడి గొట్టం) లోపలి ఖాళీ కొద్దిగా మారుతుంది, కేసు మెడ బులెట్‌ని పట్టుకునే బిగుతు మారుతుంది, పౌడర్ వేడెక్కుతుంది. ఈ కారణాలన్నీ ఒకదానికొకటి సంబంధం లేనివి, అందుకని వాటి తేడాలు నేరుగా కూడవు. వర్గాలు చేసి కూడి, వర్గమూలం తీయాలి. షూటర్లు ఎస్‌డీ అని పిలుచుకునే ప్రామాణిక విచలనం అలాగే పనిచేస్తుంది.

అంకెల్లో చూడండి. మోతాదు తానే తూచి పోసే, 0.1 గ్రెయిన్ అటూ ఇటూ అని చెప్పే ఆటోమేటిక్ డిస్పెన్సర్ ఉందనుకుందాం. ఆ పరిధిలో తేడాలు సమానంగా పరుచుకుంటే దాని ఎస్‌డీ సుమారు 0.06 గ్రెయిన్, వేగంలో 3 అడుగులు. మీ మిగతా కారణాలన్నీ కలిపి ఎస్‌డీ 10 అడుగులు అనుకోండి. రెండూ కలిస్తే 13 అవదు, వంద, తొమ్మిది కూడి వర్గమూలం తీస్తే 10.4. ఇప్పుడు వెయ్యి డాలర్లు పెట్టి తూకం తప్పుని పూర్తిగా సున్నా చేసినా 10.4 కాస్తా 10 అవుతుంది. అంతే! వెయ్యి గజాల దగ్గర ఆ తేడా అంగుళంలో పదో వంతు. మీరు కొన్నది సంతృప్తి మాత్రమే.

అదే మిగతా కారణాలన్నీ అదుపులోకి తెచ్చుకున్నవాడి సంగతి వేరు. మంచి కేసులు కొని, ప్రతిసారీ అనీల్ చేసి (కేసు మెడని వేడిచేసి మెత్తబరచి), మెడ బిగుతు ఒకేలా ఉంచి, తన రైఫిల్‌కి నప్పే ప్రైమర్ వెతుక్కుని మిగతా ఎస్‌డీని 4కి దించినవాడికి అదే డిస్పెన్సర్‌తో మొత్తం 5 వస్తుంది, మూడు నాలుగు ఐదు త్రిభుజం స్కూల్లో చదువుకున్నదే. వాడు 0.02 బ్యాలెన్స్‌కి మారితే 5 కాస్తా 4 అవుతుంది, ఇరవై శాతం. పోటీలో ఎక్స్‌లు లెక్కపెట్టేటప్పుడు ఇరవై శాతం చిన్నది కాదు. అంటే మంచి స్కేలు ఆఖర్న కొనాల్సిన వస్తువు. మొదట కొంటే దాని పనితనం మీకు కనిపించదు, దాన్ని మిగతా చెత్త కప్పేస్తుంది.

స్కేళ్ల లోపల ఏముంది

చూపించే అంకెకీ నిజంగా తూచే శక్తికీ సంబంధం తక్కువ. డిస్‌ప్లే మీద 0.02 అని రాసి ఉన్న ముప్ఫై డాలర్ల జేబు స్కేళ్లు బోలెడు దొరుకుతాయి. మూడు రకాల యంత్రాలున్నాయి, మూడూ మూడు రకాలుగా అబద్ధం చెప్తాయి.

పాతది బీమ్ స్కేలు. కత్తి అంచు మీద ఆనిన కడ్డీ, ఒక వైపు పళ్లెం, ఇంకో వైపు జరిపే బరువులు. ఓహాస్ కంపెనీ, తూటాలు లోడ్ చేసుకునే సామాను అమ్మే ఆర్‌సీబీఎస్ కోసం చేసిన పాత 10-10 మోడల్ లాంటివి ఇప్పటికీ జనం వెతికి మరీ కొంటారు. ఊగడం త్వరగా ఆగడానికి కడ్డీ చివర ఒక రాగి రేకు అయస్కాంతాల మధ్య కదులుతుంది. కదిలినప్పుడే అది అడ్డుపడుతుంది, ఆగాక ఏ బలమూ ఉండదు కాబట్టి తూకం మారదు. దీని గొప్పతనం ఏమిటంటే ఇది బరువుని బరువుతో పోలుస్తుంది, కరెంటుతో పని లేదు, వేడెక్కి సున్నా జరగడం లేదు, మీ ఊళ్లో గురుత్వాకర్షణ ఎంతైనా రెండు వైపులా ఒకటే. గీతలు 0.1 దాకానే ఉన్నా శుభ్రంగా ఉన్న మంచి కడ్డీ ఒక పలుకు వేస్తే కదులుతుంది, ఆ కదలిక మన కన్ను చూడాలంతే. అందుకే ముల్లు ఎదురుగా ఫోన్ కెమెరా పెట్టి పెద్దది చేసి చూసేవాళ్లున్నారు, పైనుంచో కిందనుంచో చూసినప్పుడు వచ్చే తప్పు కూడా దాంతో పోతుంది. శత్రువు దుమ్ము. కత్తి అంచు కింద కొద్దిగా చేరినా కడ్డీ పట్టేస్తుంది. పళ్లెం మెల్లగా నొక్కి వదిలితే ముల్లు ప్రతిసారీ అదే చోటికి వచ్చి ఆగాలి, రాకపోతే తుడవాలి. ఇంకో శత్రువు ఓపిక లేకపోవడం.

రెండోది లోడ్ సెల్. ఒక లోహపు దిమ్మ, దాని మీద అతికించిన సన్నటి స్ట్రెయిన్ గేజ్‌లు. బరువు పెడితే దిమ్మ కంటికి కనిపించనంత వంగుతుంది, గేజ్ నిరోధకత మారుతుంది, దాన్ని చిప్ బరువుగా మారుస్తుంది. వంట స్కేలు, ఛార్జ్‌మాస్టర్ లాంటి డిస్పెన్సర్లు, జేబు స్కేళ్లు అన్నీ ఇవే. లోహం వేడికి వ్యాకోచిస్తుంది, ఎక్కువసేపు బరువుంటే కొద్దిగా అలాగే సాగి ఉండిపోతుంది, అందువల్ల సున్నా జరుగుతూ ఉంటుంది. ఆ జరగడం మనకి కనిపించకుండా చాలా స్కేళ్లలో ఒక సాఫ్ట్‌వేర్ కిటుకు ఉంటుంది: నిదానంగా వచ్చే చిన్న మార్పుని డ్రిఫ్ట్ అనుకుని మింగేస్తుంది. ఇక్కడే చిక్కు. మీరు ట్రిక్లర్ (పౌడర్‌ని కొద్దికొద్దిగా రాల్చే పరికరం) తిప్పుతూ ఒక్కో పలుకే జారవిడుస్తుంటే అదీ నిదానంగా వచ్చే చిన్న మార్పే. నాలుగు పలుకులు పడ్డా అంకె కదలదు, ఆ తర్వాత ఒక్కసారిగా గెంతుతుంది. పళ్లెం పైకెత్తి మళ్లీ పెడితే నిజం బయటపడుతుంది. చవక స్కేలు వాడేవాళ్లు ఆఖరి పలుకు పడ్డాక ఈ పని చేయకపోతే 0.02 అని రాసి ఉన్నదానికి విలువే లేదు.

మూడోది ల్యాబ్ బ్యాలెన్స్ రకం, ఎ అండ్ డి కంపెనీ ఎఫ్‌ఎక్స్-120ఐ లాంటివి. ఇందులో ఏదీ వంగదు. అయస్కాంత క్షేత్రంలో ఒక తీగచుట్ట ఉంటుంది, బరువు కిందికి లాగబోతే లోపలి సెన్సర్ గమనించి, పళ్లెం ఉన్న చోటే ఉండేలా చుట్టలోకి సరిపడా కరెంటు పంపుతుంది, ఆ కరెంటే బరువు కొలత. వేగంగా స్థిరపడుతుంది, ఒక్క పలుకునీ పట్టుకుంటుంది, నిదానంగా పోసినా మింగదు. ఎఫ్‌ఎక్స్-120ఐ 122 గ్రాముల దాకా 0.001 గ్రాము మెట్లలో చూపిస్తుంది, గ్రెయిన్లలో అది 0.02 మెట్లవుతుంది. కెనడా షూటర్ ఆడమ్ మెక్‌డొనాల్డ్ దీనికి జోడీగా ఆటోట్రిక్లర్ తయారుచేశాక లాంగ్ రేంజ్ వాళ్ల బల్లల మీద ఈ జంట మామూలైపోయింది, మనిషి బులెట్ కూర్చోబెట్టేలోపు అది తర్వాతి మోతాదు పోసి సిద్ధంగా ఉంచుతుంది. నన్నడిగితే ఈ జంట అసలు లాభం 0.02 కాదు, వేగం. రెండు గంటల పని ముప్పావు గంటలో అయితే మనిషి అలసిపోడు, అలసిపోనివాడు తక్కువ తప్పులు చేస్తాడు.

హైదరాబాద్ ఫార్మా కంపెనీల క్యూసీ (నాణ్యత పరీక్షించే) ల్యాబుల్లో పనిచేసినవాళ్లకు ఈ మూడో రకం పాత పరిచయమే, వాళ్లకి నేను కొత్తగా చెప్పేదేం లేదు. రోజూ పొద్దున చెక్ వెయిట్ (బరువు ముందే తెలిసిన రాయి) పెట్టి రిజిస్టర్‌లో సంతకం చేశాకే తూకం మొదలుపెట్టే అలవాటు వాళ్లది. ఇంట్లో రీలోడింగ్ చేసేవాళ్లు ఆ అలవాటు అరువు తెచ్చుకుంటే చాలు, సగం గొడవలు పోతాయి.

ఆ అలవాటులో మొదటిది స్కేలు ఆన్ చేసి కనీసం అరగంట వదిలేయడం. గది ఉష్ణోగ్రతకి అలవాటుపడనివ్వాలి. ఫ్యాన్, ఏసీ గాలి, తలుపు తీసి మూయడం, చివరికి మన ఊపిరి కూడా 1.3 మిల్లీగ్రాముల దగ్గర కనిపిస్తాయి, అందుకే ఈ బ్యాలెన్సుల చుట్టూ గాజు లేదా ప్లాస్టిక్ గోడలుంటాయి. బల్ల ఊగకూడదు. చలికాలంలో హీటర్ వేసిన ఇల్లు ఎండిపోయి ఉంటుంది, ప్లాస్టిక్ గరాటు, ప్లాస్టిక్ పళ్లెం స్టాటిక్ పట్టి పలుకుల్ని అంటించుకుంటాయి, ఆ ఛార్జ్ స్కేలునీ లాగి తప్పు అంకె చూపిస్తుంది. పౌడర్ మీద గ్రాఫైట్ పూత పూయడానికి ఒక కారణం ఇదే, అయినా పూర్తిగా పోదు. లోహపు పళ్లెం వాడటం, బట్టల డ్రయర్‌లో వేసే షీట్‌తో గరాటు తుడవడం పనిచేస్తాయి.

సున్నా జరిగిందో లేదో తెలుసుకోవడానికి ఖర్చు లేని కిటుకు ఒకటుంది. పళ్లెం పెట్టి సున్నా చేశాక, పళ్లెం ఎత్తితే స్కేలు మైనస్‌లో ఏదో అంకె చూపిస్తుంది కదా, అది పళ్లెం బరువు. దాన్ని కాగితం మీద రాసుకోండి. ప్రతి మోతాదు కేసులో పోయడానికి పళ్లెం ఎత్తినప్పుడు ఆ అంకె మీద ఒక చూపు వేయండి. మారిందంటే సున్నా జరిగింది, ఇప్పుడే పోయబోతున్న మోతాదు కూడా అనుమానమే.

ఇక చెక్ వెయిట్లు. స్కేలుతో పాటు వచ్చే 20 లేదా 50 గ్రాముల కాలిబ్రేషన్ రాయి ఒక్కటే సరిపోదు, ఎందుకంటే మనం తూచేది 2.7 గ్రాములు. 2 గ్రాములు, 500 మిల్లీగ్రాములు, 200 మిల్లీగ్రాముల రాళ్లు కలిపితే 41.67 గ్రెయిన్లు, మన మోతాదు దగ్గర్లోనే. రాళ్లలో తరగతులుంటాయి. ఎం1 తరగతిలో ఈ మూడింటికీ అనుమతించే తప్పు కలిపి 2.6 మిల్లీగ్రాముల దాకా, అంటే 0.04 గ్రెయిన్. అలాంటి రాళ్లతో 0.02 స్కేలుని పరీక్షించడం అర్థం లేని పని. ఎఫ్1 తరగతి అయితే మూడూ కలిపి 0.26 మిల్లీగ్రాములే. వేళ్లతో ముట్టుకోకుండా చిమటాతో పట్టుకోవాలి, చెమట, నూనె కూడా బరువే.

లోడ్ సెల్, ల్యాబ్ బ్యాలెన్స్ రెండూ కొలిచేది బలాన్ని, కాబట్టి ఊరు మారితే మళ్లీ కాలిబ్రేట్ చేయాలి. సముద్ర మట్టం నుంచి డెన్వర్ అంత ఎత్తుకి, అంటే 1600 మీటర్లు, ఎక్కితే ఎత్తు ఒక్కదాని వల్లే గురుత్వాకర్షణ 0.05 శాతం తగ్గుతుంది, 42 గ్రెయిన్ల మీద 0.02 గ్రెయిన్. చిన్నదే, కానీ 0.02 కోసమే కదా డబ్బు పెట్టింది.

పౌడర్ రకాన్ని బట్టి పద్ధతి మారుతుంది. బాల్ పౌడర్ ఇసకలా జారుతుంది, పరిమాణంతో కొలిచే మెజర్‌లో కూడా బాగానే వస్తుంది. పుల్లల పౌడర్ అలా కాదు, మెజర్ డ్రమ్ తిప్పినప్పుడు పుల్లలు అడ్డం పడి కరకరమని తెగుతాయి, అక్కడ సందు మిగులుతుంది, ఒకసారి ఎక్కువ ఒకసారి తక్కువ పడుతుంది. అందుకే లాంగ్ రేంజ్‌లో ఎక్కువమంది మెజర్‌తో కొంచెం తక్కువ పోసి, మిగతాది ట్రిక్లర్‌తో స్కేలు మీద నింపుతారు. పౌడర్‌ని హాపర్‌లో (మెజర్ మీదుండే డబ్బాలో) రోజుల తరబడి వదిలేయకండి. అది గాల్లో తేమని పీల్చుకుంటుంది, వదులుతుంది కూడా. బరువుతో పాటు మండే వేగం కూడా మారుతుంది, ఆ మార్పుని ఎంత ఖరీదైన స్కేలూ పట్టుకోలేదు. వేడి కూడా అంతే. ఉష్ణోగ్రతకి స్పందించే కొన్ని పౌడర్లలో ఒక డిగ్రీ ఫారెన్‌హీట్‌కి సెకనుకు ఒక అడుగు దాకా మారవచ్చు. వేడెక్కిన చాంబర్‌లో (బారెల్ వెనక తూటా కూర్చునే చోట) తూటా పెట్టి గాలి తగ్గేదాకా నిమిషం ఆగితే, ఇంట్లో పలుకులు లెక్కపెట్టి సంపాదించిన ఒక్క అడుగు అక్కడే పదింతలై పోతుంది.

ప్రాణం తీసే తప్పు చుక్క తర్వాత ఉండదు

ఇప్పటిదాకా చెప్పినదంతా స్కోరు కోసం. ప్రమాదం వేరే చోట ఉంది, దానికి దశాంశాలతో సంబంధం లేదు. బీమ్ స్కేలులో పెద్ద బరువు ఒక నాచ్ పక్కకి జరిగితే తేడా 5 గ్రెయిన్లో 10 గ్రెయిన్లో అవుతుంది. ముందు రోజు ఇంకో పౌడర్ మెజర్‌లో మిగిలిపోతే బరువు సరిగ్గానే ఉంటుంది, మందే వేరు. చాలా పిస్టల్ కేసుల్లో మోతాదు సగం కూడా నిండదు కాబట్టి రెండుసార్లు పోసినా లోపలే సరిపోయి బయటికి తెలియదు, ఇలాంటి రైఫిల్ కేసులో అయితే పొర్లి బయటపడుతుంది. 6.5 క్రీడ్‌మూర్‌కి అమెరికా పరిశ్రమ సంస్థ సామీ పెట్టిన పీడన పరిమితి చదరపు అంగుళానికి 62,000 పౌండ్లు, పౌడర్ పెరిగేకొద్దీ పీడనం వేగం కంటే ముందు పరిగెడుతుంది. బల్ల మీద ఒకే ఒక్క పౌడర్ డబ్బా ఉండాలి, మిగిలింది అదే రోజు అదే డబ్బాలోకి వెళ్లాలి, బులెట్ పెట్టేముందు టార్చి వేసి కేసులన్నీ వరసగా చూడాలి, అన్నింట్లో మట్టం ఒకేలా ఉందో లేదో. కొత్త లాట్ పౌడర్ డబ్బా తెరిస్తే పాత మోతాదు చెల్లదు, తగ్గించి మళ్లీ మెల్లగా పైకి రావాలి. మోతాదు ఎంత సన్నగా తూచామన్నది ఇక్కడ ఏ మాత్రం కాపాడదు, తప్పు మోతాదుని 0.02 వరకు కచ్చితంగా పోయడం కూడా సాధ్యమే.

చివరికి ఒక సంగతి మిగిలింది: కొత్త స్కేలు కొన్నాక పనిచేసిందని ఎలా తెలుస్తుంది? ఇప్పుడు బులెట్ వేగం కొలిచే, చేతిలో పట్టే రాడార్ క్రోనోగ్రాఫ్‌లు వచ్చాయి, 2023లో గార్మిన్ దించిన చిన్న పెట్టె వచ్చాక ఇది మరీ సులువైపోయింది, అందరూ ఎస్‌డీ అంకెలు ఫొటో తీసి పెడుతున్నారు. ఐదు షాట్లు కొట్టి ఎస్‌డీ 6 వచ్చిందంటే, గణాంకశాస్త్రం ప్రకారం అసలు ఎస్‌డీ మూడున్నర నుంచి 17 దాకా ఎక్కడైనా ఉండవచ్చు, 95 శాతం నమ్మకంతో చెప్పగలిగేది అంతే. ముప్ఫై షాట్లు కొట్టి 6 వస్తే అసలుది 5కీ 8కీ మధ్య అని చెప్పవచ్చు. పౌడర్ మోతాదుని కొంచెం కొంచెం పెంచుతూ ఒక్కో మెట్టుకి మూడేసి షాట్లు కొట్టి, వేగం ఒకేలా ఉన్న చోటు దొరికిందని సంబరపడేవాళ్లకీ ఇదే సమాధానం, ఆ చోటు మళ్లీ కొడితే చాలాసార్లు మాయమైపోతుంది. ఇక మన ప్రశ్న, ఎస్‌డీ 5 నుంచి 4కి దిగిందా లేదా అన్నది క్రోనోగ్రాఫ్‌తో నమ్మకంగా తేల్చాలంటే పాత స్కేలుతో వంద పైచిలుకు షాట్లు, కొత్త స్కేలుతో మరో వంద పైచిలుకు షాట్లు కొట్టాలి. 6.5 క్రీడ్‌మూర్ బారెల్ పోటీలకి పనికొచ్చేది రెండు మూడు వేల షాట్ల దాకానే, అందులో పదో వంతు స్కేలు పరీక్షకే పోతుంది. అందుకని ఒకే మోతాదుని పళ్లెంతో సహా ఇరవైసార్లు ఎత్తి పెట్టి, వచ్చిన అంకెలన్నీ రాసుకుని, వాటి ఎస్‌డీని గ్రెయిన్‌కి యాభై అడుగులు అన్న లెక్కతో గుణించి చూడండి. స్కేలు మీ వేగంలో ఎంత కలుపుతోందో అక్కడే వంటింటి బల్ల మీదే తేలిపోతుంది, ఒక్క తూటా కూడా ఖర్చు కాదు.